చీమల్ని తరిమిన పసుపు

ఈ సంగతి పదేళ్ళ కిందే రాయాల్సింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. యాభై దాటాక నేర్చుకున్నాను. నేర్చుకున్నాక కూడా, తలుచుకుంటే చాలు, కోపంతో పెన్సిల్ ములుకు విరిగిపోయేది. ఈ కథకు ఇప్పటికే నాలుగు పెన్సిళ్ళు బలయ్యాయి. అయినా చెప్తాను వినండి: గుప్పెడు పసుపుతో నేను ఒక వంశాన్ని దాదాపు తుడిచిపెట్టేశాను. పది హత్యలు. అన్నీ నావే.

మాది రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. మా ఆయనది అక్కడి రైలు వ్యాగన్ల వర్క్‌షాపులో పని. నేను ఒక కాలేజీలో, పురుగుల లేబులో ఊడ్చి తుడిచేదాన్ని. మా ఊళ్ళో చదువు రాకపోవడమంటే అంత తేలిక కాదు. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, కాలేజీలో ఇంగ్లీషు. మూడూ రాకుండా ఉండాలి. నేను మూడింట్లోనూ ఫస్టు.

మా కాలనీ నర్సమ్మ కూతురు సుజాత ఆ లేబులోనే పరిశోధన చేసేది. బస్తర్ లోపల, తడి ఆరని అడవిలో ఆ పిల్లకు ఒక పురుగు దొరికింది. గోరంత ఉంటుంది. వీపు మీద రెండు కొమ్ములు. కదలకపోతే ముల్లు, కదిలితే ముల్లుకు కాళ్ళొచ్చినట్టు. దీని గురించి ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ రాయలేదట.

"మరింకేటి, నువ్వు రాసెయ్యి" అన్నాను.

"దొరికింది ఆడది అప్పలమ్మత్తా. మగదాన్ని కూడా చూసి రాస్తేనే కొత్త జాతి అని సార్ ఒప్పుకుంటారు."

"ఇక్కడ కూడా మగాడి సంతకం కావాలేటి!"

అందుకే పిల్ల పురుగులున్న మొక్కనే కుండీలో తెచ్చి వరండాలో పెట్టింది. పదకొండు పిల్లలు. అందులో ఒక్కటి పెరిగి మగదైతే సుజాత చదువు గట్టెక్కుతుంది. లేదంటే ఇంకో ఏడాది ఆగాలి. అన్నాళ్ళు చదివించే ఓపిక వాళ్ళమ్మకు లేదు.

శనివారం సాయంత్రం, సుజాత ఇంటికెళ్ళిపోయాక చూద్దును కదా, ఆ పసివాళ్ళ మీద నల్ల చీమలు! వీపులు తడుముతున్నాయి, వెనక భాగాలు గిల్లుతున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. తడిగుడ్డతో ఒక్కో చీమనీ తుడిచాను. ఇంటికి కొన్న పసుపు పొట్లం సంచీలోనే ఉంది. విప్పి కుండీ చుట్టూ కోట కట్టాను. మా ఇంట్లో పంచదార డబ్బాకు అదే కాపలా మరి. కుండీకి వేలాడుతున్న అట్టముక్క అడ్డొస్తే, దాన్నీ తీసి, దుమ్ము దులిపి, వంకర లేకుండా తగిలించాను.

సోమవారం సెలవు. మంగళవారం వెళ్ళేసరికి మొక్క మీద జిగురు, జిగురు మీద నల్ల బూజు, బూజు పక్కన ఒక సాలెపురుగు, పెళ్ళి భోజనం చేసినవాడిలా. పదకొండింట్లో ఒక్కటి మిగిలింది.

"చీమలేవీ?" సుజాత ఆకులు ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

"తరిమేశానమ్మా. ఒక్కటి లేదు చూడు" అన్నాను, మెడలో దండ వేస్తుందేమోనని కాస్త వంగి కూడా.

"అవే కాపలా అత్తా! ఈ పిల్లలు తియ్యటి నీళ్ళు వదుల్తాయి. చీమలు అవి తాగి, సాలీళ్ళని రానివ్వవు."

"ఆ ముక్క ముందు సెప్పొద్దా?"

ఇంతలో పెద్ద సారు వచ్చారు. "లిఖా హువా హై న, బాయీ!" రాసి ఉంది కదా అని ఆ అట్టముక్కే చూపించారు. నేను తుడిచి తగిలించిందే. చీమల్ని ముట్టుకోవద్దని హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసి ఉందట.

"రాసుంటే? నా నుదుటి మీద కూడా ఏదో రాసుందంట సాబ్. అదే సదవలేదు నేను."

"అన్‌పఢ్ ఔరత్!" అన్నారు. చదువు లేని ఆడదని. సుజాత గోడవైపు తిరిగి ఏడ్చింది. తిట్టినా బాగుండేది.

పసుపంతా కడిగాను. గోడ పగుల్లో ఉన్న చీమల పుట్ట నుంచి కుండీ దాకా బెల్లం నీళ్ళతో గీత గీశాను. "రండమ్మా, మొన్నేదో తొందరపడ్డాను" అని మగపెళ్ళివారిని బతిమాలినట్టు వంగి వంగి పిలిచాను. రావే! పౌరుషం గల చీమలు. మధ్యాహ్నానికి ఒకటి వచ్చి వాసన చూసి వెళ్ళింది. సాయంత్రానికి వరస కట్టి వచ్చాయి. ఆ ఒక్క పిల్లకీ మంత్రిగారికి లేనంత బందోబస్తు.

కొన్నాళ్ళకు అది చర్మం విడిచి కొమ్ములతో బయటికొచ్చింది. సుజాత భూతద్దం కింద పెట్టి చూసింది.

"అత్తా, మగాడే!"

"పది మందిని పోగొట్టుకుని మిగిలిన ఆ ఒక్కడూ మగాడేనేటి!" అన్నాను. ఇద్దరం ఏడుస్తూ నవ్వాం.

తర్వాతి ఏడాది సుజాత వ్యాసం అచ్చయి వచ్చింది. సారు లడ్డూలు పంచారు. సుజాత నాకు తెలుగులో చెబుతోంది: కొమ్ములు ఇంత పొడవు, రెక్కలు ఈ రంగు. ఒకచోట ఆగి, నావైపు చూడకుండా చదివింది. "చీమలను పసుపుతో తొలగించి పరిశీలించాం. పదకొండింట్లో పది చనిపోయాయి. కనుక ఈ జాతికి చీమల కాపలా అవసరం."

"పరిశీలించామా? ఎవరు? నేను సేస్తే అన్‌పఢ్, సారు రాస్తే పరిశోధనా?"

"ఆ వాక్యాలు సార్ కలిపారత్తా. నీ పేరు కూడా ఉంది. చివర్లో, కృతజ్ఞతల్లో." వేలు పెట్టి చూపించింది. చీమ తలకన్నా చిన్నగా ఉంది.

"ఇది నా పేరేనా?"

సారు లడ్డూ నములుతూ, "అక్కడ బర్రె అని రాసినా తలూపుతుంది" అన్నారు హిందీలో. అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను. సారు మాటలోని ముల్లు ఎప్పుడో అరిగిపోయింది. ఆ నవ్వు మీదే నాకు ఇప్పటికీ కోపం.

ఆ సాయంత్రం సుజాత ఇంటికెళ్ళి పలక ముందు కూర్చున్నాను. "నా పేరు రాసి పెట్టు. తెలుగులో." వేళ్ళు కొంకర్లు పోయేదాకా దిద్దాను. లేచేటప్పుడు పలక మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట పసుపు కూరలోకే వాడతాను. చీమ కనిపిస్తే ఎవరి ఉద్యోగంలో ఉందో కనుక్కోకుండా తరమను. నన్ను చూసి నవ్వేవాళ్ళతో కలిసి నవ్వను.

మర్నాడు పొద్దున్నే అందరికన్నా ముందు కాలేజీకి వెళ్ళి, సారు గదిలో నల్లబల్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకు నా పేరు రాశాను. అప్పలమ్మ. చివరి అక్షరం కాస్త పక్కకు వాలింది. సారు వచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని చూశారు, తీసి చూశారు.

"యే క్యా హై, బాయీ?" అన్నారు, ఇదేంటని.

"లిఖా హువా హై న, సాబ్!" అని చెప్పి, తడిగుడ్డ అందుకుని కిటికీలు తుడవడం మొదలుపెట్టాను.