పుర్రె గుర్తు లేని పీపా

గిద్దలూరు స్టేషను రాకముందే రైలు ఆగింది. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. ఎర్ర చెలక, కంపచెట్లు, పడమట నల్లమల. గార్డు జెండా ఊపి, "మిలిటరీ వాళ్ళు ఈడనే దిగాల" అన్నాడు. దిగాను. భుజాన కిట్ సంచి. అందులో రెండు ఖాకీ చొక్కాలు, రెండు నిక్కర్లు, అన్నం గిన్నె, నీళ్ళ సీసా, ఒక కంబళి. ఆ ఎండకు కంబళి ఎందుకిచ్చారో ఇచ్చినవాడికే తెలియాలి. బూట్లు నా కాళ్ళకంటే ఒక సైజు పెద్దవి.

బర్మా పంపుతారనుకున్నాను. మా అమ్మ మెడ పట్టుకుని ఏడ్చింది. మార్కాపురంలో పాస్టరుగారు మోకాళ్ళూని ప్రార్థన చేశారు. తీరా ఇంటికి ఒక రాత్రి బండి ప్రయాణమంత దూరంలో దింపారు. మా వీధిలో ఇప్పటికీ నన్ను "యుద్ధానికి పోయి గిద్దలూరులో దిగినోడు" అంటారు. అననీ. మీరు పదేపదే అడుగుతున్నారు కాబట్టి ఆ గిద్దలూరు సంగతే చెబుతాను. ఆ తర్వాత అస్సాంలో రెండేళ్ళున్నా, అక్కడిదేదీ నన్ను ఇంతగా పట్టుకోలేదు.

కొండ కింద ముళ్ళకంచె. కంచె లోపల రేకుల షెడ్లు, వాటి మధ్య మట్టికట్టలు, కట్టల మధ్య మందుగుండు పెట్టెలు. మద్రాసు మీద బాంబులు పడతాయన్న భయంతో సముద్రానికి దూరంగా తెచ్చి దాచారు. ఇసుకబస్తాల గదిలో హవల్దారు బల్ల, బల్ల మీద టెలిఫోను. హవల్దారు చిత్తూరు వైపు మనిషి. తల ఎత్తకుండా అడిగాడు.

"పేరు?"

"దావీదు."

"ఏం పని తెలుసు?"

"అచ్చురేకు కోస్తాను. పెట్టెల మీద అక్షరాలు వేస్తాను."

"తుపాకీ?"

"పట్టుకోమంటే పట్టుకుంటా."

"వద్దులే నాయనా. కుంచె పట్టుకో."

మార్కాపురం పలకల కార్ఖానాలో నా పని అదే. పలకలను గడ్డి మధ్య సర్ది, చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొట్టాక, పైన ఊరి పేరూ, పగిలే సరుకన్న హెచ్చరికా వేయాలి. ఓడలు ఆగాయి, పలకలు ఆగాయి, నేను పట్టాళంలో చేరాను. రేకు పెట్టి రంగు పూయడమేగా అని మీరనుకుంటారు. పల్చటి తగరపు రేకు మీద అక్షరం గీసి, సన్న ఉలితో చెక్కాలి. సున్నా చుట్టూ కోసేస్తే నడుమ ముక్క ఊడి ఒళ్ళో పడుతుంది. అందుకని రెండు చోట్ల సన్నటి కట్లు వదలాలి. కుంచె పొట్టిగా, బిరుసుగా ఉండాలి. రంగులో ముంచాక గోనెగుడ్డ మీద తుడవాలి. దాదాపు ఆరిన కుంచెతో నిలువుగా పొడవాలి, గీయకూడదు. తడి ఎక్కువైతే రంగు రేకు కిందికి పాకుతుంది, అక్షరానికి మీసాలు మొలుస్తాయి.

డిపోలో పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా, మళ్ళీ మూడు నుంచి చీకటి దాకా అదే పని. తూటాల పెట్టెల మీద రకం, బరువు. లారీల తలుపుల మీద దళం గుర్తు. ఇసుక బకెట్ల మీద 'నిప్పు'. కంచెమీద 'ఆగు'. ఒకసారి హవల్దారు ట్రంకు పెట్టె మీద ఆయన పేరు వేశాను. చుట్టూ పూలు కూడా కావాలన్నాడు. వేశాను.

కంచె పక్క పల్లె నుంచి ఆడకూలీలు వచ్చేవారు. వాళ్ళ మేస్త్రీ రూతమ్మ. విధవరాలు, గట్టి మనిషి, గొంతు ఇంకా గట్టిది. నేను రంగు వేస్తుంటే వచ్చి నడుం మీద చేయి వేసుకుని చూసేది.

"ఏంది నాయనా, ఈ రేకు పెడితే ఎవురేసినా ఒకే మాదిరి పడతాదా?"

"పడతాదక్కా."

"అట్లయితే మా ప్రార్థన గుడికి ఒక ద్రాక్షతీగె కోసిపెట్టు. కొత్తగా మట్టిగోడలు లేపినాము. నా మొగం మాదిరి బోడిగా ఉండాయి."

నేను ద్రాక్షతీగె చూసిన పాపాన పోలేదు. మా పెరట్లో పాకే కాకర తీగెను గుర్తు చేసుకుని బిస్కెట్ డబ్బా మూత మీద కోశాను. ఆదివారం సెలవు చీటీ తీసుకుని వెళ్ళి, జేగురుమన్ను కలిపి గోడకు వేయడం మొదలుపెట్టాను. తీగె తెగకుండా సాగాలంటే ఒక కిటుకుంది. రేకు చివర మొదటి ఆకును, గోడ మీద అప్పటికే పడిన కడపటి ఆకు మీద సరిగ్గా కూర్చోబెట్టాలి. రూతమ్మ రెండు అరచేతులతో రేకును అదిమి పట్టుకునేది.

"ఒరేయ్, ఇది కాకర గదరా!" అంది మూడో వారం.

"బైబిల్లో కాకర లేదా అక్కా?"

"వెతుకుతా ఉండు. లేకపోతే నీ ఈపు సాపు చేస్తా." కానీ ఆమె వచ్చినవాళ్ళందరికీ ఆ గోడ చూపించి, మా తమ్ముడు వేసినాడని చెప్పుకునేది.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. కంచె లోపల గడ్డి ఎండి చిటపటలాడుతోంది. ఒక్క నిప్పురవ్వ చాలు, గిద్దలూరు కూడా మిగలదు. గడ్డి చంపమని పైనుంచి ఆర్డరు వచ్చింది. రైల్లో ఇనప పీపాలు వచ్చాయి. లోపల ద్రవం, గడ్డి మందు. గడ్డినే కాదు, మనిషినీ చంపుతుంది. ప్రతి పీపా మీద తెల్లరంగుతో పుర్రె, కింద అడ్డంగా రెండు ఎముకలు, తెలుగులో ఇంగ్లీషులో 'విషం' అని వేయమన్నారు. కోశాను. పుర్రెకు కళ్ళ గుంతలు, పళ్ళు నిలబడాలంటే కట్లు చాలా వదలాలి. బాగా కుదిరింది. చీకట్లో చూస్తే నాకే జడుపు వచ్చేది.

మందు చల్లిన గడ్డి ఉప్పగా ఉంటుందట. మేకలు కంచె కిందనుంచి దూరి మేశాయి, కాళ్ళు బారజాపి చచ్చాయి. రెండు రూతమ్మవే. వాటిని కోసుకు తినకుండా గొయ్యి తీసి పూడ్పించాను. ఆమె తిట్టుకుంటూనే పూడ్చింది. ఆ రోజే ఆమెను పీపా దగ్గరికి తీసుకెళ్ళి పుర్రె చూపించాను.

"ఈ బొమ్మ ఉండే పీపా ఇంటికి తేవద్దక్కా. కడిగినా వద్దు. ఊరందరికీ చెప్పు."

చెప్పింది. ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. "పుర్రె ఉందా, తాకబాకండి" అని పల్లె పల్లంతా పాఠంలా అప్పజెప్పేది. నాకు ధైర్యం కలిగింది.

ఖాళీ పీపాలు కంచె దగ్గర గుట్టపడ్డాయి. తిరిగి రైలెక్కించాలి. ఎవరూ నీళ్ళకు వాడకుండా అడుగున గునపంతో ఒక పోటు పొడుద్దామని హవల్దారును అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు. టెలిఫోను తిప్పాడు. అవతల అధికారి గొంతు నాకూ వినిపించింది.

"సర్కారు సొత్తు. చిల్లు పడకూడదు. గుర్తు వేశారా?"

"వేశాము సార్."

"అయితే చాలు."

హవల్దారు ఫోను పెట్టి నా వైపు చూశాడు. "విన్నావు గదా."

"విన్నాను."

పీపాలను ఎద్దుబండ్లలో స్టేషనుకు తోలారు. ఎక్కించినవన్నీ స్టేషను చేరలేదు, కొన్ని దారిలోనే పల్లెల్లో దిగిపోయాయి. మీరు ఆ సంవత్సరాన్ని చూసి ఉంటే బండివాళ్ళను తిట్టరు. బావులు ఎండాయి. సగిలేరు వాగు ఇసుకలో చెలమ తవ్వి, చిప్పతో తోడి, కుండ నింపుకుని రావాలి. ఇంటి ముందు ఒక పీపా ఉంటే ఆడమనిషి నడుము నిలుస్తుంది.

ఇక మా వైపు అలవాటు మీకు తెలిసిందే. బయటనుంచి ఏ పాత్ర వచ్చినా చింతపండు, ఇటుకపొడి, ఇసుక పెట్టి తళతళలాడేదాకా తోమందే గడప దాటనివ్వరు. అది పెంపకం. తోమని గిన్నె తెచ్చిన కోడలికి ఆ పూట అన్నం పుట్టదు. నాకిచ్చిన రంగేమో యుద్ధకాలం రంగు, నూనె తక్కువ, సుద్ద ఎక్కువ. వానకు ఆగుతుంది. ఇటుకపొడికి ఆగదు. పీపా మూతి మాత్రం పిడికిలంత. లోపలికి చేయి పోదు. లోపల రెండుసార్లు నీళ్ళు పోసి కుదిపి పారబోసి, బయటంతా వెండి గిన్నెలా తోమేవారు.

గుడి పూర్తయింది. ఆదివారం ప్రేమవిందు పెట్టుకున్నారు, రెండు పొట్టేళ్ళు. చుట్టు పల్లెల వాళ్ళు వచ్చారు. నీళ్ళకోసం ఒక బండివాడు ముందురోజే తన పీపా నింపి తెచ్చి దించాడు. రూతమ్మ దాని చుట్టూ తిరిగి నాలుగు వైపులా చూసిందట. "పుర్రె లేదు, పెట్టుకోండి" అందట. నేను నేర్పిన పాఠాన్ని ఆమె తు.చ. తప్పకుండా పాటించింది.

నాకు పన్నెండింటికి చీటీ దొరికింది. నేను వెళ్ళేసరికి జనం బంతుల్లో కూర్చున్నారు. విస్తళ్ళు వేశారు, వడ్డన కాలేదు, నీళ్ళూ పోయలేదు. ఆ పల్లె పాస్టరుగారి ప్రార్థన సాగుతోంది. పొయ్యి దగ్గర రూతమ్మ చెమటలు కారుతూ గ్లాసెత్తి నీళ్ళు తాగుతోంది. తెల్లవారుజాము నుంచీ ఆ పొయ్యి దగ్గరే ఉందట.

"రా నాయనా రా. ఆలిస్యమైతే తునకలుండవు, ఎముకలే" అంది.

నవ్వబోయి పీపాను చూశాను. వెండిలా ఉంది. దాని నడుముకు బిగించిన ఇనప పట్టీ కింద, ఇటుకపొడి చేరని సందులో, తెల్లరంగు చుక్క ఒకటి ఉంది. అది నా కుంచె చుక్క. వెళ్ళి కాలితో తన్నాను. అప్పటికే సగం ఖాళీ అయిన పీపా దొర్లింది. మాంసం గుండిగను తోశాను, పులుసు నేలపాలైంది. చేతులు కాలాయి. మగవాళ్ళు నలుగురు నన్ను ఒడిసి పట్టుకున్నారు.

"ఏందిరా, పిచ్చి పట్టిందా నీకు?"

"అది పుర్రె పీపా!"

రూతమ్మ లేచి నిలబడింది. "పుర్రె యాడుంది నాయనా? నేను సూసినా గదా. నాలుగు దిక్కులా సూసినా." ఒలికిన పులుసు వైపు చూసి మెల్లగా అంది. "పులుసులో ఉప్పెయ్యకముందే ఉప్పగుండె. నేనే ఏసి మరిసినానేమో అనుకున్యా."

అంతే, కూలబడింది. వాంతులు మొదలయ్యాయి. వంటదగ్గరున్న మరో ఇద్దరికీ వచ్చాయి గాని వాళ్ళు కొంచెమే తాగారు, బతికారు. నేను డిపోకు పరుగెత్తాను. హవల్దారు నా చేతులు చూసి, అధికారికి టెలిఫోను తిప్పి నాకే ఇచ్చాడు.

"లారీ కావాలి సార్. కూలీల మేస్త్రీ. గడ్డి మందు కడుపులోకి పోయింది."

"డిపో లోపలా, బయటా?"

"బయట సార్. పల్లెలో."

"అయితే అది సివిల్ వ్యవహారం. తాలూకా కచేరీకి చెప్పండి."

"ఇవాళ ఆదివారం సార్."

లైను తెగింది. షెడ్డులో మూడు లారీలు నిలబడి ఉన్నాయి. మూడింటి తలుపుల మీదా గుర్తు వేసింది నేనే. తాళాలు అధికారి దగ్గర. హవల్దారు గోడకేసి తల తిప్పుకుని, "బండి కట్టించు, పో" అన్నాడు. డిపో కాంపౌండరు మాత్రం ఎవరూ పిలవకుండానే నా వెనక వచ్చాడు. ఆమె నాడి చూసి, పక్కకు పిలిచి, తన దగ్గర దీనికి మందు లేదన్నాడు.

గిద్దలూరు ఆసుపత్రికి ఎద్దుబండిలో బయలుదేరాము. గడ్డి మీద ఆమె, పక్కన నేను. దారి పొడవునా గుంతలే. ప్రతి గుంతకూ ఆమె పళ్ళు బిగించేది. నీళ్ళడిగింది. నా సీసా విప్పాను. దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఇయ్యి మంచియేనా నాయనా?"

"మంచివే అక్కా."

తాగింది. నిలవలేదు. కొంతసేపటికి మళ్ళీ కళ్ళు తెరిచింది.

"ఎవురన్నా తిన్యారా?"

"లేదక్కా. ఒక్కరూ తినలేదు."

"అయ్యో, అంతమందీ పస్తుతో పోయినారా!" అంది.

ఊళ్ళోకి బండి తిరిగే లోపలే పోయింది. నేను పట్టాళం బట్టల్లో, నడిరోడ్డు మీద, పసివాడిలా ఏడ్చాను. ఇంకేం చేయను?

మర్నాడు ఆర్డరు వచ్చింది. పుర్రె రెండింతలు పెద్దది చేయాలి, ఎర్రరంగు వేయాలి. చేతులకు గుడ్డలు కట్టుకుని కోశాను. రంగు డబ్బా మారలేదు, అదే సుద్ద. ఎన్ని పీపాలు తగ్గాయో నాకెవరూ చెప్పలేదు. చీటీ దొరికినప్పుడల్లా పల్లెలు తిరిగాను. ప్రతి వీధిలో ఒకటో రెండో పీపాలు. కొన్ని నూనెవి, కొన్ని కిరసనాయిలువి, కొన్ని మావి. అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. పట్టీ కింద చుక్క అన్నింటికీ ఉండదు గదా. పారేయమంటే ఒకావిడ పారేసింది. ఇంకొకావిడ తలుపేసుకుంది. ఒక ముసలాయన, "తాగి సచ్చేటోళ్ళమైతే ఇన్ని దినాలు బతికినామా? సూడు, ఎంత తెల్లగా తోమినామో" అని గర్వంగా చూపించాడు.

దసరా దాటాక మా దళానికి అస్సాం ఆర్డరు వచ్చింది. మిలిటరీ రైలు గుంటూరు దాకా ఎక్కడా ఆగదన్నారు. మార్కాపురం స్టేషనులో కూడా ఆగలేదు. రెండేళ్ళ తర్వాత తిరిగొచ్చాను. అమ్మ ఉంది. కార్ఖానా తెరిచారు. మళ్ళీ పలకల పెట్టెలు, మళ్ళీ అక్షరాలు. సెలవు దొరికితే రైలుకట్ట వెంబడి కంబం వైపు నడిచేవాణ్ణి. ఆ ఇల్లు ఏదో ఈనాటికీ దొరకలేదు.

ఏ ఇల్లంటే, అస్సాం పోయే ఆ పొద్దు కంబం దాటాక రైలు పల్లె పక్కగా పోతుండగా చూసిన ఇల్లు. కట్ట పక్కనే ఉన్న వాకిట్లో తోమిన పీపా, దాని పట్టీ కింద తెల్లటి చుక్క. చంకలో బిడ్డతో ఒకామె కడవ ఎత్తి దాంట్లోకి నీళ్ళు వంచుతోంది. నేను కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి గొంతు చించుకున్నాను. "పారబొయ్యమ్మా, పారబొయ్యి!" ఇంజను మోతలో ఏం వినబడుతుంది? ఆమె తలెత్తి చూసింది. యుద్ధానికి పోయే పిల్లవాడు పలకరిస్తున్నాడనుకుంది. కడవ దించి నవ్వింది. చంకలో బిడ్డ చెయ్యి పట్టి నాకేసి ఊపింది.