సెనేటర్ విన్న పేజీ

పెర్పెట్వా టీచర్ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రెండో తరగతికే పాఠాలు చెబుతోంది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "ఏటా ముప్ఫైమందిని సాకుతున్నాను, మళ్ళీ ఒకాయన్ని కూడా సాకాలా?" అనేది. మియగావ్ అనే ఊరి దగ్గర, సముద్రం ఒడ్డునున్న ఆ బడిలో ఆవిడ వేళ్ళకు జిగురు అంటని రోజు లేదు.

ఆ ఏడాది పైనుంచి ఒక కాగితం వచ్చింది. ప్రతి పిల్లా పిల్లాడూ తన లక్ష్యం తనే పెట్టుకోవాలట. ఎంతవరకు వచ్చిందో గోడమీద చూపించాలట. అన్నిటికీ సాక్ష్యం ఉండాలట. ఆ రాసిన మహానుభావుడు ఏడేళ్ళ పిల్లల్ని దగ్గరగా చూసి ఉంటే ఆ చివరి ముక్క రాసేవాడు కాదు. టీచర్ మాత్రం మురిసిపోయింది. గోడకు నీలం కాగితం అంటించి సముద్రం చేసింది. ఈ చివర రేవు, ఆ చివర దీవి, రేవులో ఇరవై ఎనిమిది కాగితం పడవలు. లక్ష్యం కాస్త దగ్గరపడినప్పుడల్లా పడవ జానెడు ముందుకు జరుగుతుంది.

"మార్చికల్లా మూడు పళ్ళు ఊడగొట్టుకుంటాను" అని ఒకడు రాశాడు. లెక్కపెట్టడానికి వీలుగానే ఉంది కదా అని టీచర్ ఒప్పుకుంది. ఊడిన పళ్ళను సాక్ష్యంగా ఫైల్లో టేపుతో అంటించింది. "సోమవారాలు ఏడవను" అని రాసిన పిల్ల పొడి చేతిరుమాలును తల్లి సంతకంతో సహా తెచ్చి చూపించేది. అలా పడవలన్నీ కదిలాయి.

జొవెలిన్ పడవ మాత్రం రేవు వదల్లేదు. ఆ పిల్ల బడిలో చేరింది మొదలు అక్కడ ఒక్క మాట కూడా పలకలేదు. పైకి చదివి వినిపిస్తేనే మూడో తరగతి, లేకపోతే మళ్ళీ ఇదే బెంచీ. ఒక ఏడాది అలా ఉండిపోయింది కూడా. అయినా కాగితం మీద మాత్రం గుండ్రటి అక్షరాలతో "ఒక పేజీ పైకి చదువుతాను" అని రాసి ఇచ్చింది.

ఒక సాయంత్రం టీచర్ ఆ పిల్ల తండ్రి ఇసిదోరోతో మాట్లాడదామని వాళ్ళింటికి వెళ్ళింది. పందుల దొడ్డి వెనకనుంచి సన్నటి గొంతు వినిపించింది. జొవెలిన్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని పందికి పాఠం చదివి వినిపిస్తోంది. టీచర్ చెప్పులు బురదలో కూరుకుపోతున్నా కదలకుండా నిలబడి విన్నది. ఏడుపు ఆగలేదు.

"దాని పేరు సెనేటర్ మేడమ్," అన్నాడు ఇసిదోరో. "తింటాడు, పడుకుంటాడు, ఎవరేం చెప్పినా తలూపుతాడు. అంతకుమించి పందికేం తెలుసు పన్నీరు వాసన?"

"పన్నీరు సంగతి నాకు తెలీదు. మీ అమ్మాయి చదివితే వింటున్నాడు. మీరెప్పుడైనా విన్నారా?"



మర్నాడు పడవ జానెడు కదిలింది. సాక్ష్యం కోసం టీచర్ ఒక ఫారం తయారుచేసి, అందులో "విన్నవారి సంతకం" అని ఒక గడి గీసింది. సెనేటర్ గిట్టకు సిరా పూసి ఆ గడిలో అద్దించింది. దొడ్డి వెనక రోజుకు రెండేసి వాక్యాల చొప్పున పేజీ సాగింది. ఇంకొక్క జానెడుంది, పేజీ మొత్తం ఒక్క బిగిన చదివితే దీవి చేరినట్టే.

ఇంతలో తనిఖీ అధికారి మోంతెర్మోసో వస్తున్నాడని కబురొచ్చింది. అధికారి వస్తే ఊరు పందిని కాల్చి విందు పెట్టాలి, ఏటా ఒక్కో ఇంటి వంతు. ఈసారి వంతు ఇసిదోరోది. అతనికున్నది ఒక్క పందే.

ఆ సంగతి టీచర్‌కు ఎవరూ చెప్పలేదు. తనిఖీ రోజు పొద్దున్నే బడి ముందు బొగ్గులు రాజుకోవడం, పక్కన గంపెడు చింతాకు ఉండడం చూసి, వంతు ఎవరిదో అడిగి, అప్పుడు దొడ్డికి పరుగెత్తింది. ఇసిదోరో చేతిలో కత్తి ఉంది. జొవెలిన్ పంది మెడ చుట్టూ చేతులేసి కూర్చుంది.

"ఇసిదోరో గారూ, కత్తి దించండి! అది పంది కాదు, సాక్ష్యం!"

"అయితే ఏం మేడమ్, సాక్ష్యం కడుపులో చింతాకు కూరితే ఇంకా కమ్మగా ఉంటుంది."

"ఫైలు మూసేదాకా సాక్ష్యాన్ని తినకూడదు. ఆఫీసు రూలు."

అలాంటి రూలు భూప్రపంచంలో లేదు. కానీ రూలు అనే మాటకు ఆ ఊళ్ళో కత్తి కూడా ఆగుతుంది.

మోంతెర్మోసో గారు వస్తూనే గాలి వాసన చూసి, కాలిన పంది వాసన తగలక మూతి ముడుచుకున్నారు. గోడమీద దీవి చేరిన ఇరవై ఏడు పడవల్ని లెక్కపెట్టారు. పళ్ళ ఫైలు తిరగేసి, వెంటనే చేతులు తుడుచుకున్నారు. "మరి ఆ ఒక్కటీ?" అన్నారు.

"ఇప్పుడు చేరుతుంది సార్," అంది టీచర్.

ఇసిదోరో పందిని తాడుతో తరగతిలోకి తోలుకొచ్చాడు. జొవెలిన్ పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టింది. అంతమంది పిల్లలున్న గదిలో ఆ సన్నటి గొంతు తప్ప ఇంకేమీ వినిపించలేదు. సగం పేజీకి సెనేటర్ పడుకుని గుర్రు పెట్టాడు. పిల్ల ఆగకుండా చివరి వాక్యం దాకా చదివేసింది.

"విన్నవారు నిద్రపోయారు," అన్నారు మోంతెర్మోసో గారు, కలం మూస్తూ. "లెక్కలోకి రాదు."

టీచర్ ఏదో అనేలోపే జొవెలిన్ తలెత్తింది.

"మీరు మేలుకునే ఉన్నారుగా సార్? కూర్చోండి. మొదట్నించి చదువుతా."

ఆయన రెండో తరగతి పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. పేజీ మొత్తం విన్నారు. గిట్ట ముద్రల కింద సంతకం చేశారు. టీచర్ పడవను దీవికి చేర్చింది.

"అయితే ఇక పందితో పని లేనట్టేగా?" అన్నారు ఆయన ఆశగా. ఇసిదోరో మెల్లగా తాడు అందుకున్నాడు.

జొవెలిన్ పేజీ తిప్పింది. "ఇంకా అరవై మూడు పేజీలున్నాయి సార్. సెనేటర్ అవేవీ వినలేదు."

ఆ మధ్యాహ్నం మోంతెర్మోసో గారు ఎండుచేపతో అన్నం తిన్నారు. పెర్పెట్వా టీచర్ అన్నం మాటే మరిచిపోయి, రెండో పేజీ వింటూ పంది పక్కనే నేలమీద కూర్చుంది.