తెలివిలేని ప్రశ్నల హనుమంతయ్య

నంద్యాల బస్టాండు ఎదురుగా పంపుసెట్ల సామాన్లు అమ్మే హనుమంతయ్య నోట రోజుకు నూరుసార్లు వచ్చే మాట ఒకటుంది: "ఆ మాట పెట్టి ఎవురు వెతుకుతారప్పా?" బోర్డు చూసినా అదే, పెళ్లికార్డు చూసినా అదే. మనిషికి కావలసింది దొరకాలంటే వెతికేవాడి నోట్లో ఉన్న మాటే రాసి పెట్టాలన్నది ఆయన మతం. ఆ మతంలో గురువూ ఆయనే, శిష్యుడూ ఆయనే, మిగతా నంద్యాలంతా పాపులు.

ఈ మతం ఆయనకు అంటించింది వర్షిణి. ఆయన షాపు మీది గది అద్దెకు తీసుకుని వెబ్‌సైట్లు చేసే పిల్ల. ఆయనకు సైటు చేసేటప్పుడు, "మామా, కమలాక్షి ఎంటర్‌ప్రైజెస్ అంటే ఎవురికీ తెల్దు. మోటరు కాలిపోయిన రైతు ఫోన్లో ఏమని కొడతాడో అది రాస్తాం" అంది. అనడమే కాదు, 'బోరు మోటరు రిపేరు నంద్యాల' అని పైన పెద్దక్షరాల్లో రాసింది. వారం తిరక్కుండా డోన్ నుంచి ఒక రైతు కాలిన మోటరును ఆటోలో వేసుకుని దిగాడు. ఆ రోజు హనుమంతయ్యకు పట్టిన పూనకం ఇంతవరకు దిగలేదు. సైటులో తన పేరు కిందికి జరిగిందని భార్య కమలాక్షమ్మకు పట్టిన అలకా దిగలేదు.

హోటల్‌కు పోతే గోడ మీద 'ఈనాటి స్పెషల్' అని ఉంటుంది. హనుమంతయ్య లేచి నిలబడతాడు.

"స్పెషల్ అంటే ఏందప్పా? ఆకలైనోడు స్పెషల్ అని వెతుకుతాడా?"

"ఉగ్గాని బజ్జీ, శెట్టీ."

"మరి అది రాయి!"

ఆయన చెప్పినట్టు రాసేదాకా తినడు, పక్కవాళ్లను తిననివ్వడు.

కూతురు గీతాంజలి పెళ్లికార్డు ఆయనే రాయించాడు. కళ్యాణ మండపం పేరు చీమంత. దాని కింద ఏనుగంత అక్షరాల్లో 'పాణ్యం రోడ్డులో, పెట్రోలు బంకు దాటినాక, బండ్లు పెట్టుకునేదానికి జాగా ఉండే మండపం'. చుట్టాలు ఒక్కరు కూడా దారి తప్పలేదు. జాగా ఉందన్న మాట విని పక్క మండపం పెళ్లివాళ్లు కూడా తమ బండ్లు తెచ్చి ఇక్కడే పెట్టారు.

గుడిలో అర్చన చేయించినా అంతే. గోత్రం, పేరు చెప్పి ఊరుకోడు. "హనుమంతయ్య, పంపుసెట్ల షాపు, బస్టాండు ఎదురుగా" అని పూజారి చేత చెప్పిస్తాడు.

"దేవునికి అడ్రసు ఎందుకయ్యా?" అని కమలాక్షమ్మ తల పట్టుకుంటుంది.

"ఈ జిల్లాలో ఎంతమంది హనుమంతయ్యలు మొక్కుతాండారో! వరం యాడికో పోతే నువ్వు తెస్తావా?"

వర్షిణి ఇవన్నీ చూసి కడుపు పట్టుకుని నవ్వేది. అయితే ఆ ఏడు ఆమెకు నవ్వు రావడం తగ్గింది. వాళ్ల నాయన మహానందాచారి ఆళ్లగడ్డలో దేవతామూర్తులు చెక్కుతాడు. రాయి ఆయన మాట వింటుంది, కాలమే వినడం లేదు. పని రావడం ఆగిపోయింది. ఉగాదిలోపల ఒక్క పనైనా రాకపోతే విగ్రహాలు చెక్కే పందిరి పీకేసి, బండలు కోసే మిషను దగ్గర కూలికి పోతానన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ, అన్నంత పనీ చేస్తాడని వర్షిణికి తెలుసు.

సైటు లేక కాదు. ఊరందరికీ చేసే పిల్ల, నాయనకు చేయదా? ఫోటోలు బ్రహ్మాండం, నొక్కగానే తెరుచుకుంటుంది. కాని పైన ఆచారి పట్టుబట్టి రాయించిన మాట 'దివ్య శిలామూర్తి నిర్మాణశాల'. జనం వెతికేదేమో దేవుని బొమ్మలు. ఆ మాట పేజీలో ఎక్కడా లేదు కాబట్టి పేజీ అడుక్కి పోయి కూర్చుంది. వర్షిణి ఆ మాట ఎత్తితే చాలు, ఆచారి ఉలి కింద పెట్టేసేవాడు.

సంగతి విన్న హనుమంతయ్య షాపుకు తాళం వేసి, ఆమెతో పాటు ఆళ్లగడ్డ బస్సెక్కాడు. ఎక్కీ ఎక్కగానే పక్క సీటాయన్ను పట్టుకున్నాడు.

"అన్నా, మీ ఊర్లో గుడి కడతాండారనుకో. రాతి దేవుడు కావల్ల. ఫోన్లో ఏమని కొడతావ్?"

"ఆళ్లగడ్డలో దేవుని బొమ్మలు ఎవురు చేస్తారు అని."

"నువ్వక్కా?"

"నేను టమోటాలు అమ్మేదానికి పోతాండా. నన్నొదిలేయ్ సామీ."

"మీ ఊర్లో దేవుడు లేడా?"

"ఉండాడు. బొమ్మకు చెయ్యి ఇరిగింది. కొత్త బొమ్మ చేపియ్యల్ల అంటాండారు."

హనుమంతయ్య గెలిచిన పహిల్వాను మాదిరి వర్షిణి వైపు చూశాడు.

మహానందాచారి ముందు మాత్రం ఆ గెలుపు నిలవలేదు.

"శెట్టీ, మూర్తికి కండ్లు తెరిచే దినం నేను తలకు పోసుకుని, ఒక్కపొద్దుండి ఉలి పడతా. దాన్ని బొమ్మ అనల్లనా? బొమ్మలు పిల్లోళ్లు ఆడుకునేటివి. కూలికి పోతా గానీ ఆ మాట నా నోట రాదు."

హనుమంతయ్య రాళ్ల మధ్య కాసేపు తిరిగాడు. కండ్లు ఇంకా తెరవని అమ్మవారి ముందు నిలబడ్డాడు. ఎందుకో చెప్పులు విడిచాడు. తిరిగి వచ్చి అన్నాడు:

"నిజమే ఆచారీ. నీ నోట రాకూడదు. నా నోట రానీ. నంద్యాల పంపుసెట్ల హనుమంతయ్య అనే తెలివిలేనోడు అడుగుతాడు, నువ్వు తిట్టి జవాబు చెప్పు. పాప రెండూ రాస్తాది."

"నిన్ను తిట్టేదానికైతే ఒక్కపొద్దు కూడా అక్కర్లేదు" అన్నాడు ఆచారి.

వర్షిణి అక్కడే కూర్చుని రాసింది.

"ఆళ్లగడ్డలో దేవుని బొమ్మలు ఎవురు చేస్తారు?"

"బొమ్మలు తిరునాళ్లలో దొరుకుతాయి, పోయి కొనుక్కో. దేవుని విగ్రహాలు మేము చేస్తాం."

"ఆంజనేయుని బొమ్మకు ఎన్ని దినాలు పడుతుంది?"

"తొందరుంటే ప్లాస్టిక్‌ది తీసుకో. రాతికి ఓపిక కావల్ల."

"చెయ్యి ఇరిగిన బొమ్మను అతికిస్తారా?"

"అది నీ పంపుసెట్టు కాదు శెట్టీ!"

పేజీలో ఎక్కించే ముందు వర్షిణి ఆయన వైపు తిరిగింది. "మామా, వ్యాపారం చేసేటోడివి. ఊరంతా నవ్వుతారు. పేరు లేకుండా పెడతా."

"పేరు లేకపోతే ఆ మాట మీ నాయన మీదికి పోతాది. పెట్టు. షాపు అడ్రసు కూడా పెట్టు."

నంద్యాల నిజంగానే నవ్వింది. షాపుకు వచ్చినవాళ్లు "బొమ్మల శెట్టీ" అని పిలిచారు. కమలాక్షమ్మ అలక మరిచిపోయి ఊరితో పోట్లాటకు దిగింది. ఆయన మాత్రం నట్లు, బోల్టులు తూకం వేస్తూ కూర్చున్నాడు.

పేజీ మెల్లగా పైకి వచ్చింది. ఉగాదికి ఇంకా దినాలుండగానే ఆచారి ఫోను మోగింది. రుద్రవరం పక్క ఊరివాళ్లు.

"సామీ, ఆంజనేయుని బొమ్మ... కాదు కాదు, విగ్రహం! ఆ హనుమంతయ్యను తిట్టినట్ల మమ్మల్ని తిట్టొద్దు సామీ!"

ఇన్నేండ్లు ఎంత మొత్తుకున్నా ఎవరూ దిద్దుకోని మాటను, జనం వాళ్లంతట వాళ్లే దిద్దుకుని ఫోను చేస్తున్నారు. ఆచారి ముఖంలో వెలుగు చూడాలి! ఆ పని వెంట మరో పని వచ్చింది. పందిరి కదల్లేదు, కొత్త రాళ్లు దిగాయి.

ఒక ఆదివారం హనుమంతయ్య ఆ పందిరి కిందే, సగం చెక్కిన ఆంజనేయుని ముందు కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. పాణ్యం నుంచి ఒక పెద్దమనిషి విగ్రహం పురమాయించడానికి వచ్చి, నవ్వుతూ అడిగాడు:

"సామీ, ఫోన్లో చూసి పడీపడీ నవ్వినాం. ఎవురు సామీ ఆ తెలివిలేని శెట్టి?"

ఆచారి ఉలి కింద పెట్టాడు.

"ఆయన్ను ఆ మాట అనే హక్కు నాకొక్కనికే ఉంది. నువ్వు హనుమంతయ్యగారు అను. అదో, ఆడ కూసోనుండాడు. ఫస్టు ఆయనకు దండం పెట్టు."

పెద్దమనిషి కంగారుగా చెప్పులు విడిచి రెండు చేతులూ జోడించాడు. హనుమంతయ్య అటూ ఇటూ చూశాడు. ఆ దండం తన వెనకున్న ఆంజనేయునికి అనుకుని, మజ్జిగ గ్లాసుతో సహా మర్యాదగా పక్కకు జరిగి కూర్చున్నాడు.