కోట వాకిట పెట్టిన అన్నం

నా చిన్నప్పుడు, మా అమ్మ చనిపోయిన ఏడాది, ఆమె మా ఊరి కోట మీద ఉంటోందని నమ్మాను. ఎవరూ నాకు అబద్ధం చెప్పలేదు. పెద్దవాళ్ళు చేసే పని చూసి నా అంతట నేనే అలా అనుకున్నాను.

మా ఊరు మైదుకూరు నుంచి లోపలికి పోయే మట్టిదారిలో, ఒక నల్లరాతి కొండ కింద ఉంది. కొండ మీద పాత కోట. బురుజులు సగం కూలాయి, గోడలు నిలిచే ఉన్నాయి. దాన్ని ఎవరు కట్టించారో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పేవారు. ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. ఊరు మొదట ఆ కోట లోపలే ఉండేదట, నీళ్ళు చాలక కిందికి దిగిందట. అందుకే ఎవరైనా పోతే, ఏడాది తిరిగేదాకా ప్రతి అమావాస్యకూ వాళ్ళకిష్టమైనవి వండి, కోట మొదటి వాకిలి దగ్గర ఉన్న రాతి అరుగు మీద పెట్టి వచ్చేవారు. పోయినవాళ్ళు పాత ఇంటికే చేరతారని నమ్మకం. పిల్లల్ని అక్కడికి తీసుకుపోయేవారు కాదు.

మా జేజి, అంటే నాన్న తల్లి, గంప నెత్తిన పెట్టుకొని కొండ ఎక్కేది. అందులో కొర్రబువ్వ, పప్పు, అమ్మకు ఇష్టమైన అలసంద వడలు ఉండేవి. మధ్యాహ్నానికి ఖాళీ గంపతో దిగివచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, "నా కోడలు కడుపు నిండా తినింది" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం కాస్త తేటపడేది. నాకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది. అమ్మ తింటోంది, కాబట్టి ఉంది. మరి కొండ దిగి ఇంటికి ఎందుకు రావడం లేదు? నామీద కోపం వచ్చిందనుకున్నాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

మా పక్కింట్లో పరుపులు కుట్టే దూదేకుల అత్త ఉండేది. ఆమె జుట్టుకు ఎప్పుడూ కాస్త దూది అంటుకొని ఉండేది. కోట లోపల ఒక చిన్న దర్గా ఉంది. గురువారాలు ఆమె అక్కడికి పోయి, ఊడ్చి, సాంబ్రాణి వేసి వచ్చేది. ఒకసారి అమావాస్య వెళ్ళిన మరునాడే గురువారం వచ్చింది. నా వంతు వడను తినకుండా దాచి, గౌను జేబులో పెట్టుకొని అత్త వెంట పడ్డాను.

"ఎండకు మాడిపోతావు మ్మే, ఇంటికాడుండు" అంది. అంతలో జేబుకు అంటిన నూనె మరక చూసింది. ఎవరికని అడిగింది. అమ్మకని చెప్పాను. ఆమె మా ఇంట్లోకి పోయి జేజితో ఒక మాట చెప్పి వచ్చింది.

"పా పోదాం. మద్దెలో కాళ్ళు నొప్పులని కూలబడితే నేను మాత్రం మోయను."

సగం దారి ఆమే మోసింది.

అరుగు మీద నిన్నటి అన్నం ఒక్క మెతుకు కూడా లేదు. నా నమ్మకం మరింత గట్టిపడింది. వడను అక్కడ పెట్టి, అమ్మ లోపల ఉంది, చూస్తానన్నాను. "సూడు" అంది అత్త. ఊడ్చే పొరక పక్కన పెట్టి నా వెనకే నడిచింది.

కప్పు లేని గదులు చూశాను. ధాన్యం పోసే కొట్టు చూశాను. మందుగుండు దాచేవారని చెప్పే చీకటి గదిలోకి అత్త ముందు పోయి, పాములుంటాయని కట్టెతో నేల తట్టి, ఆ తర్వాత నన్ను రానిచ్చింది. వాననీళ్ళు నిలిచే రాతి గుంట దగ్గర నా చేయి గట్టిగా పట్టుకుంది. బురుజు నీడలో మేకలు కాసే ముసలాయన కూర్చొని ఉన్నాడు.

"ఏమ్మా, కోట గాని కొంటాండారా? గదిగదీ సూస్తాండారు."

"బేరం కుదిరితే నీ మ్యాకలతో సహా కొంటాంలేప్పా. నువ్వు గమ్మునుండు."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. దర్గా లోపల కూడా చూశాను. ఇక గదులు లేవు. అంతసేపట్లో అత్త ఒక్కసారి కూడా అమ్మ లేదని అనలేదు. "ఇంకా యాడన్నా సూడాల్నా?" అని మాత్రం అడిగింది.

మళ్ళీ వాకిలి దగ్గరికి వచ్చేసరికి అరుగు మీద కాకి ఉంది. వడను పొడిచి, ముక్కున కరచుకొని గోడ మీదికి ఎగిరింది. అత్త దాన్ని అదిలించలేదు. నన్ను పక్కకు తిప్పనూ లేదు.

"బువ్వంతా అదే తింటాదా?" అని అడిగాను.

"అదే తింటాది. మిగిలింది మ్యాకలు, చీమలు."

"మరి మా అమ్మ?"

అత్త నా ఎదుట నేల మీద కూర్చుంది. "మీ అమ్మ ఈడ లేదు బిడ్డా. సచ్చిపోయింది. నీమీద కోపంతో రాకపోవడం కాదు. ఇంగ రానే రాలేదు, అంతే."

ఆ కోపం సంగతి ఆమెకు ఎలా తెలిసిందో నాకు ఈనాటికీ తెలియదు. అమ్మ పోయాక నేను ఏడవడం అదే మొదలు. ఆమె ఊరుకోమనలేదు. ఏడుపు తగ్గాక, జేజి అబద్ధం చెబుతోందా అని అడిగాను.

"అబద్ధం కాదు. ఇన్నేండ్లు కోడలికి పెట్టిన చెయ్యి అది. ఊరికే ఉండమంటే ఉండదు. నీకు తెలిసింది, సాలు. ఆమెను పెట్టనీ."

తర్వాతి అమావాస్యకు జేజి కొండ దిగివచ్చి, కోడలు తినిందని చెప్పినప్పుడు, నేను చెంబుతో ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోశాను. తెలిసే పోశాను.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. మొన్న ఎండాకాలంలో మా ఆయన కూడా పోయారు. చావు గురించి నేను చాలానే చదివాను. అందులో పనికొచ్చింది తక్కువ. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆయన ఎక్కడికీ పోలేదని, నాతోనే ఉన్నారని చెప్పారు. మంచి మనసుతోనే చెప్పారు. కానీ ఆయన లేరు. రోజూ నిద్ర లేవగానే ఆ మాట నాకు నేను చెప్పుకుంటాను. దాన్ని మెత్తబరచకుండా చెప్పుకోవడం అత్త దగ్గరే నేర్చుకున్నాను. అయినా సాయంత్రం జొన్నపిండి కలిపేటప్పుడు ఆయన వంతు కూడా కలుపుతాను. ఆ రొట్టెలు వీధిలోని ఆవుకు పోతాయి.

మా అమ్మాయి వచ్చినప్పుడు అది చూసి భయపడింది. నాన్న లేడు కదమ్మా అంది మెల్లగా. తెలుసన్నాను. పక్కన కూర్చోమని, కొండ మీది ఆ రోజు గురించి మొదటిసారి దానికి చెప్పాను. విన్నాక అది పెనం మీద మాడబోతున్న వాళ్ళ నాన్న వంతు రొట్టెను తిరగేసింది.