మూడు లీటర్ల గాలి

ఛాతీ ఆసుపత్రిలో ఊపిరి గది రెండో అంతస్తులో ఉంది. ఆయాసం ఉన్నవాళ్లను రెండంతస్తులు ఎక్కించి మరీ ఊపిరి కొలిచే తెలివి ఎవరిదో తెలియదు కానీ, మెట్ల మలుపుల దగ్గర రెండు బల్లలు వేయించింది మాత్రం గాలి మేస్త్రి. రెండూ తన తల్లి కోసమే వేయించాడు. ఆవిడ మూడు నెలలకోసారి పరీక్షకు వచ్చేది. మొదటి మలుపులో ఒకసారి, రెండో మలుపులో ఒకసారి కూర్చుని గాని పైకి చేరేది కాదు.

గాలి మేస్త్రి అసలు సైకిలు పంక్చర్ల మనిషి. ఇరవై ఏళ్లు నాలుగు రోడ్ల కూడలిలో నీళ్ల తొట్టి ముందు కూర్చున్నాడు. ఒకసారి ఆసుపత్రిలో ఆక్సిజన్ గొట్టం ఎక్కడో బుస్సుమంటుంటే, రెండు రోజులు వెతికినా ఎవరికీ దొరకలేదు. సైకిలు బాగుచేయించుకోవడానికి వచ్చిన కాంపౌండరు మాటల్లో ఆ సంగతి చెప్పాడు. మేస్త్రి సబ్బు నురుగు, కుంచె పట్టుకెళ్లి గంటలో చిల్లు చూపించాడు. తర్వాత వారానికి రెండుసార్లు పిలుపు రావడం మొదలైంది. చివరికి, వచ్చిపోయే శ్రమ ఎందుకని ఆసుపత్రివాళ్లు ఉద్యోగమే ఇచ్చారు. చదువు ఏడో తరగతి. మిగతాదంతా విప్పి, చూసి, బిగించి నేర్చుకున్నది. ఒక్క మంచి అలవాటు కొట్టు నుంచి వెంట తెచ్చుకున్నాడు. ఏ వస్తువు మీద చెయ్యి వేసినా, ఏ రోజు ఏం చేశాడో నోటుపుస్తకంలో రాసిపెట్టేవాడు.

ఊపిరి గదికి కొత్త కళ తెచ్చింది పరిశోధన. నాలుగు దేశాల్లోని ఐదు ఆసుపత్రులు కలిసి చేస్తున్న పని అది. బొగ్గులు, కట్టెల పొగలో వంట చేసే ఇళ్లకు పొగగొట్టం ఉన్న కొత్త పొయ్యి ఇస్తే, ఆ ఇళ్లలోవాళ్ల ఊపిరితిత్తులు బాగుపడతాయా లేదా అన్నది తేల్చాలి. చీటీలు వేసి సగం ఇళ్లకు ముందే పొయ్యిలు ఇచ్చారు. మిగతా సగానికి ఏడాది తర్వాత ఇస్తామన్నారు. అందరూ మూడు నెలలకోసారి వచ్చి గొట్టంలో ఊదాలి. అంకెలన్నీ ఆ దేశాల్లో ఒకటైన చలిదేశంలోని పెద్ద ఆసుపత్రికి వెళతాయి. మేస్త్రి ఇంటి చీటీ రెండో సగంలో పడింది. అందుకని వాళ్లమ్మ వంట ఇంకా బొగ్గుల పొయ్యి మీదే.

ఊదించే పని మేస్త్రి మరదలిది. ఆమె ఆ గదిలో నర్సు. మామూలుగా మెత్తగా మాట్లాడే మనిషి, గొట్టం ఎవరి నోట్లోనైనా పెట్టగానే మారిపోయేది. "ఊదండి, ఊదండి, ఇంకా ఉంది, లోపల దాచుకోకండి" అని ఆమె అరుస్తుంటే కింది అంతస్తులో మందుల వరుసలో నిలబడ్డవాళ్లు కూడా తెలియకుండా ఊపిరి వదిలేవారు. ఇంట్లో తన భార్య కూడా ఇంతగా అరవలేదని ఒక ముసలాయన అంటే, "అరిచుంటే మీ ఊపిరితిత్తులు ఇంకా బాగుండేవి తాతగారూ" అందట.

ఆ గొట్టం తగిలించిన యంత్రం ఊపిరిని సరిగ్గా కొలుస్తోందో లేదో రోజూ పొద్దున చూడడం మేస్త్రి వంతు. దానికో పెద్ద సిరంజి ఉంది. మోచేతి నుంచి వేళ్ల దాకా పొడుగు. లోపల ఖచ్చితంగా మూడు లీటర్ల గాలి పడుతుంది. దాన్ని యంత్రం నోట్లో పెట్టి చివరిదాకా తోస్తే యంత్రం మూడు అని చూపించాలి. చూపించకపోతే "సరిచేయమంటారా" అని అదే అడుగుతుంది. మీట నొక్కితే, తోసిందే మూడు అనుకుని తన లెక్క దిద్దుకుంటుంది.

మేస్త్రికి ఆ సిరంజిలో నచ్చనిది ఒక్కటే, దాని చప్పుడు. తోసినా లాగినా చివర ఇనుము ఇనుముకు తగిలి టక్కుమనేది. వరుసలో ముందు కూర్చున్న ముసలమ్మలు ఉలిక్కిపడేవారు. వాళ్ల సంగతి అటుంచి, ఇనుము ఇనుమును కొడుతుంటే మేస్త్రికి ఎవరో తన చెంప మీద కొట్టినట్టుండేది. విప్పవద్దని సిరంజి మీద చీటీ అంటించి ఉంది. అలాంటి చీటీలు విప్పి మళ్లీ బిగించడం రానివాళ్ల కోసమని అతని నమ్మకం. ఒక పొద్దున విప్పాడు. పాత టైరు రబ్బరును రెండు వలయాలుగా కోసి, ముందొకటి వెనకొకటి అతికించాడు. బిగించి తోస్తే వెన్నలో వేలు పెట్టినట్టు ఆగింది. అంత అందంగా కుదిరిన పని ఆ ఏడాదిలో మరొకటి లేదనుకున్నాడు. నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకున్నాడు. యంత్రం ఆ రోజు సరిచేయమంటారా అని అడిగితే, ఎప్పటిలాగే మీట నొక్కాడు.

మూడు నెలలు గడిచాయి. అందరి ఊపిరీ పెరిగిందని, మీ ఆసుపత్రి పని బాగుందని చలిదేశం నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. ఇక్కడి పరిశోధన చూసే డాక్టరమ్మ దాన్ని తన గది గోడకు అంటించింది. ఆ వారమే మేస్త్రి తల్లి పరీక్షకు వచ్చింది. ఆవిడ అంకె కూడా పెరిగింది. మరదలు సంబరపడి, "అత్తా, నీ ఊపిరి పడుచుదైపోయింది" అంది. ఆవిడ నీళ్లడిగి తాగింది.

మేస్త్రికి మాత్రం అది మింగుడుపడలేదు. అమ్మ ఆ రోజు కూడా రెండు బల్లల మీదా కూర్చునే వచ్చింది. ఇంట్లో పొయ్యి అదే, పొగ అదే. మెట్ల మీద కనిపించని ఊపిరి యంత్రంలోకి ఎక్కడి నుంచి వచ్చింది? మెట్లను ఎవరూ విప్పి బిగించలేదు. విప్పి బిగించింది ఒక్క సిరంజినే.

మధ్యాహ్నం గది ఖాళీ అయ్యాక సిరంజిని బకెట్లో ముంచి, నిండా నీళ్లు పీల్చాడు. గాలిని చూడలేం కానీ నీళ్లను కొలవచ్చు. రక్త పరీక్షల గది నుంచి కొలజాడీ అడిగి తెచ్చి అందులోకి తోశాడు. రెండు లీటర్ల తొమ్మిది వందల మిల్లీలీటర్లు వచ్చాయి. మళ్లీ కొలిచాడు. మూడోసారీ కొలిచాడు. అంకె మారలేదు. అతని రెండు రబ్బరు వలయాలూ కలిసి వంద మిల్లీలీటర్ల చోటు మింగేశాయి. తక్కువ గాలిని తోసి, అదే మూడు లీటర్లని రోజూ యంత్రానికి నేర్పుతూ వచ్చాడు. ఆ లెక్కన ఊదిన ప్రతివాళ్లకూ లేని ఊపిరి కలిసింది.

మరదలు తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది. ఆ మూడు నెలల్లో రెండు వందల పద్నాలుగు మందిని ఊదించింది ఆమె.

"అయితే నేను గొంతు చించుకున్నదంతా గాలికి పోయినట్టేనా బావా?"

మేస్త్రి కొలజాడీలోని నీళ్లు బకెట్లో పోశాడు. ఆమె లోపలికి వచ్చి గొంతు తగ్గించింది. ఈ ఆసుపత్రి అంకెలు నమ్మలేమంటే పరిశోధన నుంచి తీసేస్తారని, తీసేస్తే రెండో సగం ఇళ్లకు పొయ్యిలు రావని గుర్తుచేసింది. అందులో అత్త పొయ్యి కూడా ఉందంది.

"ఆ రెండు ముక్కలూ పీకేసి ఊరుకో. ఎవరికి తెలుస్తుంది?"

"అమ్మకి ముందే తెలుసు. నాకే ఇవాళ తెలిసింది."

పీకేయాలని అతని వేళ్లు కూడా లాగాయి. పాడైన చోటు కనబడితే చక్కదిద్దకుండా లేవడం అతని చేతులకు అలవాటు లేదు. కానీ ఎంత తేడా వచ్చిందో చెప్పగలిగేది ఆ రబ్బరు ఒక్కటే. అది పోతే తేడా కూడా పోతుంది. సిరంజిని తుడిచి, ఉన్నది ఉన్నట్టే బిగించి, నోటుపుస్తకం చంకలో పెట్టుకుని డాక్టరమ్మ గదికి వెళ్లాడు.

ఆమె అంతా విని గోడమీది ఉత్తరం వైపు చూసింది. కోప్పడితే బాగుండుననిపించింది మేస్త్రికి. విప్పవద్దన్న చీటీ చూశావా అని అడిగింది. చూశానన్నాడు. మరెందుకు విప్పావంటే, చప్పుడని చెప్పాడు. ఆ మాట తనకే చిన్నపిల్లాడి మాటలా వినిపించింది.

రెండు రోజుల తర్వాత కంప్యూటరు తెర మీద చలిదేశపు పరికరాల పెద్దాయన కనిపించాడు. కళ్లద్దాలకు తాడు కట్టుకున్న ముసలి మనిషి. వెనక బల్ల నిండా విప్పిన సామానే. అది చూసి మేస్త్రికి కొంచెం ప్రాణం కుదుటపడింది. మాటలు డాక్టరమ్మ అటూ ఇటూ చేరవేసింది. కొత్త పొయ్యి రాని ఇళ్లవాళ్ల ఊపిరి కూడా ఎందుకు పెరిగిందో అర్థంకాక తామూ తల గోక్కుంటున్నామని ఆయన చెప్పాడు. రబ్బరు ఏ రోజు వేశావని అడిగితే మేస్త్రి నోటుపుస్తకం తెరకు ఆనించాడు. ఆ పొద్దున తన లెక్క ఎంత దిద్దుకుందో చూపిస్తూ యంత్రం ఇచ్చిన కాగితం కూడా ఆ పేజీకే అంటించి ఉంది. తర్వాత ఆయన అసలు ప్రశ్న అడిగాడు.

"రబ్బరు తీసేశారా?"

మేస్త్రి తెలుగులోనే నేరుగా తెరతో చెప్పాడు. "లేదండీ. అలాగే ఉంచాను. నేను కొలిచింది మీరు కూడా కొలుచుకోవాలి కదా."

డాక్టరమ్మ ఆ మాట చేరవేయగానే పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ సిరంజిని ముట్టుకోకుండా తమకు పంపమని, బదులు ఇంకొకటి పంపుతామని చెప్పాడు. పోతూ పోతూ, ఆ చప్పుడు తనకూ పడదన్నాడు.

సిరంజి వెళ్లాక నాలుగు వారాలు జవాబు లేదు. ఆ నాలుగు వారాలూ మేస్త్రి మనసు పనిలో ఉంది కానీ అన్నంలో లేదు. తల్లి పొయ్యి ఊదుతుంటే అటు చూడలేక బయటికి వెళ్లేవాడు.

ఐదో వారంలో ఉత్తరం వచ్చింది. తమ కొలతలో రెండు లీటర్ల తొమ్మిది వందల మూడు మిల్లీలీటర్లు వచ్చిందని రాశారు. తేదీ తెలుసు, తేడా తెలుసు కాబట్టి ఆ మూడు నెలల అంకెల్ని దిద్దవచ్చు. ఈ ఆసుపత్రి పరిశోధనలోనే ఉంటుంది. దిద్దాక కొత్త పొయ్యి ఇళ్లలో కొంచెం మెరుగు మిగిలింది, పాత పొయ్యి ఇళ్లలో ఏమీ లేదు. ఇకమీదట ఐదు ఆసుపత్రులూ నెలకోసారి సిరంజిని కొలవాలట. మీ సిరంజిలో ఎవరైనా ఏమైనా పెట్టారా అని అడిగితే, వేరే దేశంలో ఇంకొకాయన తాను గుడ్డముక్క పెట్టానని ఒప్పుకున్నాడట. ఆయన్ను ఒకసారి చూడాలని ఉంది అన్నాడు మేస్త్రి.

గోడమీది మెప్పు ఉత్తరం తీసి, డాక్టరమ్మ దీన్ని అంటించింది.

ఏడాది నిండాక రెండో సగం ఇళ్లకు పొయ్యిలు వచ్చాయి. మేస్త్రి తల్లి పొయ్యి బిగించేటప్పుడు గొట్టం అతుకుల్ని అతను సబ్బు నురుగుతో చూసుకున్నాడు. ఆ నెల ఆవిడ పరీక్షకు వచ్చి, రెండు బల్లల మీదా కూర్చుని పైకి చేరింది. అంకె ఏడాది కిందటి దగ్గరికే వచ్చింది. మరదలు చెప్పడానికి తటపటాయించింది. ఆవిడే అడిగి తెలుసుకుంది.

"ఇప్పుడు నిజం చెబుతోంది మీ మిషను. ఇక్కణ్ణుంచి చూద్దాం, పొయ్యి ఏం చేస్తుందో."

గదిలో పక్కనున్న టేబులు మీద మేస్త్రి కొత్త సిరంజిని తోశాడు. టక్కుమంది. గుమ్మంలో కూర్చున్న ముసలమ్మ ఉలిక్కిపడింది.

"ఏం కాదమ్మా, అది అలాగే మోగాలి" అన్నాడు మేస్త్రి.