అమ్మమ్మగారింట పుట్టినందుకు

ఫోన్లో సుమో పోటీలు చూసే పిచ్చి నాకు ఇంటర్‌లో పట్టుకుంది. నాకు నచ్చిన మల్లుడు వేరే దేశంలో పుట్టినవాడు. చిన్నవయసులోనే జపాన్ వెళ్లి, వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల తిండి తిని, అన్నిటికంటే పెద్ద బిరుదు గెలిచాడు. అయినా అతని గురించి చెప్పేవాళ్లు ప్రతిసారీ "విదేశంలో పుట్టిన" అనే మొదలుపెట్టేవారు. నాకు ఒళ్లు మండేది. ఆ బరిలో ఆడవాళ్లను అడుగు పెట్టనివ్వరట, అది ఇంకో మంట. తిట్టుకుంటూనే చూసేదాన్ని. కుస్తీ పట్టే డెబ్బై అయిదు కిలోల ఆడపిల్లను నేను, ఇంకెవరిని చూడమంటారు?

మాది కోదాడ. నాన్న మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేసేవాడు. అమ్మ పుట్టిల్లు జగ్గయ్యపేట, బస్సెక్కితే గంట కూడా పట్టదు. తొలి కాన్పుకు అందరిలాగే పుట్టింటికి వెళ్లింది. నేను అక్కడ పుట్టి, మూడో నెలలో కోదాడ వచ్చాను. నేను బడిలో ఉండగా రాష్ట్రం రెండైంది. నేనెక్కడికీ కదల్లేదు. నేను పుట్టిన ఊరే వేరే రాష్ట్రమైపోయింది.

సూర్యాపేటలో జిల్లా కుస్తీ సెలక్షన్స్. గెలిస్తే రాష్ట్ర పోటీలకు పోవచ్చు. జూనియర్స్‌లో నాకదే ఆఖరి ఏడు. బల్ల దగ్గర ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్నారు. వయసు కోసం ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్‌లో వాళ్లకు ఊరు కనబడింది.

"ఆంధ్రల పుట్టినవ్ గద బిడ్డా. గీడ ఎట్ల ఆడతవ్? మన పిల్లల చాన్స్ పోతది," అన్నాడు నడుమాయన.

నా వెనకున్న అమ్మ చేతులు జోడించింది. "తప్పు నాదేనండీ. కాన్పుకి నేను అక్కడికి వెళ్లకుండా ఉండాల్సింది."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, కోపం తెచ్చుకున్నాను. నన్ను కన్నందుకు మా అమ్మ వీళ్లకు క్షమాపణ చెప్పాలా?

"సార్, మీ ముగ్గురిల నాయిన ఇంట్ల పుట్టినోళ్లు ఎవరో జర చేతులెత్తుండ్రి," అన్నాను.

ఒక్క చెయ్యీ లేవలేదు. చివరాయన మెల్లగా, "మా అమ్మ పుట్టిల్లు ఆంధ్రల నందిగామనే," అన్నాడు. వరసలో నిలబడ్డ అమ్మాయిలు ఫక్కుమన్నారు. నడుమాయన మొహం ఎర్రబడింది. "మస్తు మాట్లాడుతున్నవ్. ఆట గిట్లనే ఉంటదా సూద్దాం పో," అని కాగితం ఇటు విసిరాడు.

ఫైనల్లో నడిగూడెం అమ్మాయి గట్టిదే. మొదటి రౌండ్లో నా మోకాలు తిప్పి రెండు పాయింట్లు లాగింది. రెండో రౌండ్లో నడుం దొరికింది. వదల్లేదు. ఆమె రెండు భుజాలూ చాపకు ఆనేదాకా వదల్లేదు.

అంతే, అందరూ చుట్టాలైపోయారు. పొద్దున నన్ను ఎట్ల ఆడతవన్న నడుమాయనే మైకు పట్టుకుని, "మన కోదాడ ముద్దుబిడ్డ!" అని అరిచాడు. ఊరుకుంటే పోయేది. కానీ పొద్దున అమ్మ చేతులు జోడించడం నేను చూశాను. మైకు ఇమ్మని చెయ్యి చాపాను. నవ్వుతూ ఇచ్చాడు, థాంక్స్ చెబుతాననుకున్నాడేమో.

"నేను జగ్గయ్యపేటల పుట్టిన," అన్నాను. "మా అమ్మ తప్పేం చెయ్యలే."