మామ తిన్న కంచం

మా అత్తమ్మకు ముందు నేను పోయాను, తర్వాత ఆమె కొడుకు. అంటే మేం చావలేదు, ఆమె మతిలోంచి పోయాం.

అప్పుడు నాచారంలో, ఫ్యాక్టరీల దగ్గర రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన డ్యూటీకి పోతే ఆమెకు స్నానం, బట్టలు మార్చడం, పక్కబట్టలు ఉతకడం అన్నీ నావే. నన్ను పనిమనిషి అనుకునేది. ఉప్పల్‌లో చూపించిన డాక్టరు, ముసలితనానికి మందేముందని చేతులెత్తేశాడు. మొదట్లో ఏడ్చాను. తర్వాత అదీ ఒక పనే అనిపించి మానేశాను.

అన్నీ మరిచిన మనిషి ఒక్క పద్ధతి మరవలేదు. మామ తిన్నాక, ఆయన కంచంలోనే తాను తినాలి. మామ పోయి అప్పటికే ఏళ్లయింది.

“ఆయన తిన్నడా?”

“మామ లేడు గద, అత్తమ్మా” అంటే అప్పుడే పోయినట్టు గుండెలు బాదుకునేది. కాసేపటికి మళ్లీ అడిగేది. తిన్నాడని అబద్ధమాడితే, “ఏది, కంచం సూపెట్టు” అనేది. కడిగిన కంచం చూసి నోరు తెరిచేది కాదు. ఎముకలు తేలాయి. ఇలాగే ఉంటే మనిషి దక్కదు.

ఒకనాడు మామ కంచం దించి, అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు వడ్డించుకుని వంటింట్లో కూర్చుని సగం తిన్నాను. మిగిలింది ఆమె ముందు పెట్టాను. నేను కొత్తకోడలిగా నోరు తగిలించిన చెంబును చింతపండేసి మళ్లీ తోమిన మనిషి ఆమె. అలాంటి అత్తకు కోడలి ఎంగిలి! ఎవరికైనా తెలిస్తే నా మొహాన ఉమ్మేసేవారు.

ఆమె కంచం అంచున తొక్కు నూనె చూసి, “మస్తు తిన్నడు” అని నవ్వి తినేసింది. ఇక రోజూ అదే. తల్లి తింటోందని మా ఆయన సంబరపడ్డాడు. ఎలా తింటోందో నేను చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం సగంలో చెయ్యి ఆపింది. నా ముఖంలోకి తేరిపార చూసింది.

“ఆయన సచ్చిపోయిండు గద, బిడ్డా.”

నీళ్ల చెంబు ఆమె దగ్గరికి జరిపాను.

“గిది ఎవరి ఎంగిలి? నీదా?”

తలూపాను. కంచం నా మీదికి విసురుతుందనుకున్నాను. ఆమె మిగిలిన అన్నం దగ్గరికి తీసి, ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. కంచం ఊడ్చి తిన్నది.

“నీకు కడుపు నిండిందా?” అంది.

ఆ ఇంట్లో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. చెయ్యి కడిగించి పడుకోబెట్టాను. ఏడుద్దామని వంటింట్లోకి పోయాను. రాలేదు. గిన్నెలు తోముకున్నాను.